ఇంపాక్ట్: నిల్

మన వృత్తిలో ఉన్నవాళ్ళందరికీ చేంజ్ రిక్వెస్టు ఫారమ్ గురించి తెలిసే ఉంటుంది. అందులో ఓ గడి ఉంటుంది, "ఇంపాక్ట్ ఎనాలిసిస్" అని. శుక్రవారం సాయంత్రం ఆరున్నరకి, క్యాబ్ కింద హారన్ కొడుతుండగా, ఆ గడిలో మనం ఏం రాస్తామో కూడా అందరికీ తెలుసు. "నిల్." మహా అయితే "మినిమల్."

ఓ పదిహేనేళ్ళ కిందట నేనూ అలాగే ఒక టేబుల్లో ఒకే ఒక్క కాలమ్ వెడల్పు పెంచి, నిల్ అని రాసి ఇంటికెళ్ళాను. నెలాఖరు రాత్రి మొత్తం బ్యాచ్ కుప్పకూలింది. తెల్లవార్లూ కూర్చుని తవ్వితే తేలిందేంటయ్యా అంటే, తప్పు నా ఒక్కడిదే కాదు. అదే నెలలో నాలుగు టీములు నాలుగు చిన్న మార్పులు చేశాయి. నలుగురూ నిల్ అనే రాశారు. ఎవరి ముక్క వరకు వాళ్ళది నిజమే! నాలుగు ముక్కలూ కలిస్తే ఏమవుతుందో చూడమని మాత్రం ఎవరికీ పని అప్పజెప్పలేదు.

ఈ సోదంతా ఎందుకంటే, మా ఊరి వైపు అడవి విషయంలో సరిగ్గా ఇదే జరగబోయి ఆగింది. ఆగిందో, వాయిదా పడిందో ఇంకా తెలీదు. అక్కడ కూలేది బ్యాచ్ జాబు కాదు కాబట్టి, తెల్లారేసరికి రీస్టార్ట్ చేసే వీలు లేదు.

మాది దేవరకొండ దగ్గర పల్లెటూరు. దక్షిణంగా వెళ్తే కృష్ణ, పడమటగా వెళ్తే నల్లమల. నాగార్జునసాగర్-శ్రీశైలం పులుల అభయారణ్యంలో తెలంగాణకి వచ్చిన భాగమే 2015లో అమ్రాబాద్ టైగర్ రిజర్వ్ అయింది. పాత లెక్కలో మహబూబ్‌నగర్, నల్లగొండ జిల్లాలు (ఇప్పటి లెక్కలో నాగర్‌కర్నూల్, నల్లగొండ). కోర్, బఫర్ కలిపి 2,611 చదరపు కిలోమీటర్లు. హైదరాబాద్ నుంచి శ్రీశైలం వెళ్ళేవాళ్ళు దీని మధ్యలోంచే వెళ్తారు. మన్ననూరు చెక్‌పోస్టు దగ్గర రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా బళ్ళు ఆపేస్తారు చూడండి, ఆ అడవే. ఎందుకు ఆపుతారు? రాత్రిపూట జంతువులు తిరుగుతాయి, హెడ్‌లైట్లూ హారన్లూ వాటికి ఇబ్బంది అని. మంచి రూలు.

ఇప్పుడు దీన్ని చదవండి. 2019 మే 22న కేంద్ర పర్యావరణ శాఖ వాళ్ళ అటవీ సలహా సంఘం సమావేశమై, ఇదే అడవిలో 83 చదరపు కిలోమీటర్లలో యురేనియం కోసం సర్వే, అన్వేషణ చేసుకోవడానికి సూత్రప్రాయంగా సరే అంది. అడిగింది అణు ఖనిజాల డైరెక్టరేటు (వాళ్ళ ఆఫీసు మన బేగంపేటలోనే ఉంది). ప్రతిపాదన ప్రకారం దాదాపు 4,000 బోరు రంధ్రాలు. వాదన ఏంటంటే, "ఇది తవ్వకం కాదు బాబూ, ఉత్త అన్వేషణే. మొత్తం అడవిలో 3 శాతమే."

మనం లెక్కల మనుషులం కదా, ఓసారి కాలిక్యులేటర్ తీద్దాం. 83ని 2,611తో భాగిస్తే నిజంగానే 3 శాతం చిల్లర. ఇప్పుడు 4,000ని 83తో భాగించండి. చదరపు కిలోమీటరుకి 48 బోర్లు. సమానంగా పరిస్తే ప్రతి 150 మీటర్లకీ ఒకటి అన్నమాట. ఒక్కో బోరు దగ్గరికీ రిగ్గు లారీ మీద రావాలి. లారీ రావాలంటే దారి కావాలి. దారి కావాలంటే పొదలు, చెట్లు కొట్టాలి. డ్రిల్లింగుకి నీళ్ళు కావాలి, డీజిల్ కావాలి, మనుషులు కావాలి, వాళ్ళకి వంట చెరకు కావాలి. బోరు రంధ్రం జానెడే. దాని చుట్టూ జరిగే తతంగం జానెడు కాదు.

రంధ్రం వైశాల్యం కొలిస్తే ఇంపాక్ట్ నిల్. దారుల పొడవు కొలిస్తే ఇంకో జవాబొస్తుంది. దుప్పులు నీళ్ళకి రావడం మానేసిన చోట్లు కొలిస్తే ఇంకో జవాబు. అంటే ఏం కొలవాలో నిర్ణయించినవాడే సగం తీర్పు ఇచ్చేసినట్టు. నా గోలంతా ఇక్కడే.

ఇది మన ఒక్కరి రోగం అనుకోకండి. నేను ఒకప్పుడు ఓ ఆయిల్ కంపెనీ ప్రాజెక్టులో పనిచేశాను. ఆ రోజుల్లో డొమైన్ తెలుసుకుందామని చదవడం మొదలెట్టి అలాస్కా దగ్గర ఆగిపోయాను. ధ్రువ ప్రాంతంలో చమురు తవ్వితే అక్కడి జంతువులకి ఏమవుతుంది అన్న ప్రశ్న మీద వాళ్ళు యాభై ఏళ్ళుగా కొట్టుకుంటున్నారు. దాంట్లోంచి మనకి పనికొచ్చే పాఠాలు మూడున్నాయి.

మొదటిది, "ఉత్త అన్వేషణే" అన్న మాట. ఆర్కిటిక్ నేషనల్ వైల్డ్‌లైఫ్ రెఫ్యూజ్‌లో 1984-85 చలికాలాల్లో చమురు కోసం సీస్మిక్ సర్వే చేశారు. బావి తవ్వడం కాదు, బరువైన బళ్ళు వేసుకుని గీతల్లాగా తిరగడం. నేల గడ్డకట్టి ఉంటుంది, పైన మంచు పరుపులా ఉంటుంది, కాబట్టి ఏమీ కాదనుకున్నారు. పాతికేళ్ళ తర్వాత వెళ్ళి చూసినా కొన్నిచోట్ల ఆ చక్రాల జాడలు నేల మీద అలాగే ఉన్నాయి. కింద మంచు కరిగి గాడి దిగబడింది, మొక్కల రకమే మారిపోయింది. మన ఎర్ర నేల వేరు, వాళ్ళ మంచు నేల వేరు, ఒప్పుకుంటాను. కానీ అన్వేషణ అంటే చూసి వచ్చేయడమే అన్న భ్రమ మాత్రం రెండు చోట్లా ఒకటే.

రెండోది శాతాల మాయ. 2017లో అమెరికా చేసిన చట్టం ప్రకారం అక్కడి తీర మైదానం, అంటే సుమారు 15 లక్షల ఎకరాల్లో, చమురు కట్టడాలు నేలని ఆక్రమించేది 2,000 ఎకరాలు మించకూడదు. వినడానికి ఎంత బాగుందో! కాకపోతే పైపులైను కింద లెక్కలోకొచ్చేది దాన్ని మోసే స్తంభాలు ఆనిన చోటు మాత్రమే, పైపు పొడవంతా కాదు. జంతువు దృష్టిలో స్తంభానికీ స్తంభానికీ మధ్య ఖాళీ ఉందా? ప్రూడో బే చుట్టుపక్కల కారిబూలని (ధ్రువపు జింకలనుకోండి) గమనించినవాళ్ళు చెప్పిందేంటంటే, అప్పుడే ఈనిన తల్లులు రోడ్డుకి నాలుగైదు కిలోమీటర్ల దాకా దూరంగా మసులుకుంటాయి. రోడ్డు వెడల్పు పది మీటర్లే. దాని నీడ మాత్రం కిలోమీటర్లు.

మూడోది అన్నిటికంటే ముఖ్యం. ఆ ప్రూడో బే దగ్గరి కారిబూ మంద 1970లలో 5,000 ఉండేది, 2010 నాటికి 70,000 దాకా పెరిగింది. "చూశారా, చమురు వచ్చాక జింకలు పెరిగాయి" అని కంపెనీల వాళ్ళు సంబరపడ్డారు. 2016 వచ్చేసరికి అదే మంద 23,000కి పడిపోయింది. అప్పుడు ఎదుటి పక్షం వాళ్ళు వేలు చూపించాలి కదా? నిజాయితీగా మాట్లాడితే ఆ పెరుగుదల చమురు పుణ్యం కాదు, ఆ తగ్గుదలని మొత్తం చమురు మీదకి తోసెయ్యనూ లేం. వాతావరణం, తోడేళ్ళు, మేత, పక్క మందలోకి వలసలు, అన్నీ ఉంటాయి. ఒక్క తల లెక్కతో ఇంపాక్ట్ తేలదు. అందుకే 2003లో అక్కడి నేషనల్ రిసెర్చ్ కౌన్సిల్ ఈ ప్రశ్న మీద ఒక పెద్ద నివేదిక తెచ్చింది. ఒక్కో బావినీ, ఒక్కో రోడ్డునీ కాకుండా అన్నీ కలిసి ఏళ్ళ తరబడి పేరుకుంటే ఏమవుతోంది అన్నదే ఆ నివేదిక పని. మన భాషలో చెప్పాలంటే యూనిట్ టెస్టింగు ఆపి ఇంటిగ్రేషన్ టెస్టింగు చేశారన్నమాట. అదీ చమురు పారడం మొదలై పాతికేళ్ళు దాటాక.

సరే, అలాస్కా నుంచి వెనక్కొద్దాం. నల్లమలకి ఇంటిగ్రేషన్ టెస్టింగు ఎవరు చేశారు?

ఒక పక్క శ్రీశైలం జలాశయం, ఇంకో పక్క నాగార్జునసాగర్. మధ్యలోంచి హైదరాబాద్-శ్రీశైలం హైవే. దాని మీదుగా ఎత్తైన వంతెన రోడ్డు కట్టాలన్న ప్రతిపాదన ఒకటి. అడవి కిందనుంచి శ్రీశైలం ఎడమగట్టు కాలువ సొరంగం, దాదాపు 44 కిలోమీటర్లు. ఈ సొరంగం గురించి నేను తేలిగ్గా మాట్లాడలేను. అది మా నల్లగొండకి నీళ్ళు తేవాల్సిన సొరంగం, ఫ్లోరైడు ఊళ్ళకి ఆశ. పైన పులుల అడవి ఉండటం వల్ల మధ్యలో దారులు తవ్వకుండా రెండు చివర్ల నుంచే తొలిచారు. 2025 ఫిబ్రవరి 22న దోమలపెంట వైపు పైకప్పు కూలి 8 మంది చిక్కుకుపోయారు. ఒక్కరూ ప్రాణాలతో బయటికి రాలేదు. అడవిని కాపాడటానికీ, మనిషి అవసరానికీ రెండింటికీ ఖరీదు ఉంటుంది. అది కనబడనట్టు నటించడం నాకిష్టం లేదు.

వీటన్నిటి మీదా యురేనియం బోర్లు. వీటికి అవతల నల్లగొండ వైపు లంబాపూర్, పెద్దగట్టు. ఆ కథ మీలో చాలామంది మర్చిపోయి ఉంటారు. 2003 ఆగస్టు 19న అక్కడ యురేనియం గనుల మీద ప్రజాభిప్రాయ సేకరణ జరిగింది. సాగర్ జలాశయానికి కూతవేటు దూరం. శుద్ధి కర్మాగారం ముందు మల్లాపురం దగ్గర అన్నారు. అక్కంపల్లి రిజర్వాయరు పక్కనే, అదేమో హైదరాబాద్‌కి తాగునీళ్ళిచ్చేది! గొడవయ్యేసరికి దేవరకొండ దగ్గర శేరిపల్లికి మార్చారు. 2005 మార్చిలో అక్కడా సేకరణ పెట్టారు, అక్కడా జనం వద్దన్నారు. ఇప్పటిదాకా గని మొదలవలేదు.

నేనప్పుడు ఉద్యోగంలో కొత్త. ఫోన్లో మా నాయినని అడిగాను, "గనులొస్తే మనోళ్ళకి నౌకర్లొస్తయి కదా, ఎందుకు వద్దంటున్నరు?" అని. ఆయన రిటైరైన బడిపంతులు. ఒక్కటే అన్నాడు. "ఫ్లోరైడు కూడ కండ్లకు కనవడలేదు బిడ్డా. బొక్కలు వంగినంకనే తెల్సింది." నీళ్ళలోంచి ఫ్లోరైడు తీసే పద్ధతికి ప్రపంచమంతా "నల్లగొండ టెక్నిక్" అని పేరు పెట్టుకుంది. అలాంటి పేరు రావడం గొప్ప కాదని మా జిల్లా వాళ్ళకి తెలుసు. నేల లోపల ఉన్నదాన్ని కదిలిస్తే అది నీళ్ళ దారిలో ఎక్కడికి పోతుందో చెప్పమని అడగడం మాకు భయం కాదు, అనుభవం.

యురేనియం సంగతి కూడా అంతే. మన దేశంలో దొరికే రాయిలో దాని పాలు చాలా తక్కువ, ఎక్కువ గనుల్లో 0.1 శాతం లోపే. అంటే టన్ను రాయి తవ్వి పిండి చేస్తే కిలో లోపు వస్తుంది. మిగతాదంతా బురద. రాయిలో ఉన్న రేడియోధార్మికతలో సింహభాగం, రేడియంతో సహా, ఆ బురదలోనే ఉండిపోతుంది. దాన్ని చెరువు కట్టి వందల ఏళ్ళు కాపలా కాయాలి. కడప జిల్లా తుమ్మలపల్లెలో 2012లో గని మొదలయ్యాక, చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు బోరు నీళ్ళు పాడయ్యాయని, అరటి తోటలు దెబ్బతిన్నాయని మొత్తుకుంటున్నారు. కంపెనీ కాదంటోంది. మనుషులు కాబట్టి మొత్తుకోగలిగారు. దుప్పికి ఆ వసతి కూడా లేదు.

ఓ ఏడాది చైత్ర పున్నానికి సలేశ్వరం జాతరకి వెళ్ళాను. లోయలోకి దిగి ఎక్కేసరికి కాళ్ళు పడిపోయి ఒక చెట్టు కింద కూలబడితే, పక్కన ఒక చెంచు పెద్దాయన కూర్చుని ఉన్నాడు. మాటల్లో బోర్ల సంగతి వచ్చింది. "పులులకి ఏమన్నా అయితదా పెద్దయ్యా?" అనడిగాను, ఏదో సర్వే చేసేవాడిలా. ఆయన నవ్వి, "ఎండాకాలం నీళ్ళుండేవి నాలుగు మడుగులు సారూ. మోటరు మోగిన తావుకి దుప్పి రాదు. దుప్పి రాంది పులెందుకొస్తది? అది పోయి ఊళ్ళె మేకను పడ్తది. అప్పుడు మీరే తుపాకి తెస్తరు" అన్నాడు.

ఐదు వాక్యాల్లో మొత్తం డిపెండెన్సీ చార్టు గీసి ఇచ్చాడు! నేను చదివిన ఏ రిపోర్టులోనూ ఇంత సూటిగా లేదు. విచిత్రం చూడండి, ఆ చెంచుల్ని కోర్ ఏరియాలోంచి బయటికి వెళ్ళమంటున్నారు, పులుల కోసం. స్వచ్ఛందంగా వెళ్తే కుటుంబానికి 15 లక్షలు. తేనె తీసుకుని బతికే మనిషి ఉంటే పులికి ఇబ్బంది, 4,000 బోర్లు వేస్తే మాత్రం నిల్! రాత్రి 9 తర్వాత నా మారుతీ కారు పోతే ఇబ్బంది, పగలంతా రిగ్గు మోగితే నిల్!

"అయితే కరెంటు వద్దా? మీ లాప్‌టాప్ దేంతో నడుస్తుంది?" అని అడిగేవాళ్ళు ఉంటారు, న్యాయమైన ప్రశ్నే. నేను అణు విద్యుత్తుకి బద్ధ శత్రువుని కాను. గోదావరి ఒడ్డున బొగ్గు తవ్వినా అడవే పోతుంది, పొగ కూడా అదనం. మన డేటా సెంటర్లకి గాల్లోంచి కరెంటు రాదు. ఎక్కడో ఒకచోట తవ్వక తప్పకపోవచ్చు. నేనడిగేది తవ్వాలా వద్దా అన్న నిర్ణయానికి ముందు మెట్టు గురించి. ఆ నిర్ణయం దేన్ని చూసి తీసుకుంటున్నాం? ఖరీదు పూర్తిగా రాసి, "ఇంత పోతుంది, అయినా మాకు కావాలి" అంటే అది ప్రజాస్వామ్యం. ఖరీదు గడిలో నిల్ అని రాసి సంతకాలు తీసుకుంటే అది శుక్రవారం సాయంత్రం పని.

నా మట్టుకు నాకు కావాల్సినవి ఇవి.

ఒకటి, అన్వేషణ, గని, రోడ్డు, కర్మాగారం, బురద చెరువు అన్నీ కలిపి ఒకేసారి అంచనా వేయాలి. యురేనియం దొరికితే తవ్వకుండా ఊరుకుంటామని ఎవరూ అనరు కదా. 4,000 బోర్ల మీద డబ్బు తగలేశాక "గని వద్దులే" అని వెనక్కి తిరిగిన ప్రాజెక్టు మేనేజర్ని మీరు ఎప్పుడైనా చూశారా?

రెండు, రిపోర్టు రాసే కన్సల్టెంటుకి డబ్బులిచ్చేది ప్రాజెక్టు పెట్టేవాడు కాకూడదు. 1994లో ఈ అంచనాల నిబంధన వచ్చినప్పట్నుంచీ, 2006లో మార్చాక కూడా, ఈ పద్ధతి ఇంతే. మన దగ్గర కోడు రాసినవాడే టెస్టు చేసి పాస్ అంటే క్లయింటు ఒప్పుకుంటాడా?

మూడు, ఒక్క సీజన్లో నాలుగు రోజులు తిరిగి జంతువుల జాబితా రాస్తే సరిపోదు. వానాకాలం పచ్చగా ఉన్న అడవికీ, మే నెలలో నాలుగు మడుగులు మిగిలిన అడవికీ పోలికే లేదు. తెలంగాణ మొత్తం మీద పులులు 2018 లెక్కలో 26, 2022 లెక్కలో 21. ఇంత తక్కువ ఉన్నచోట ఒక్క ఆడపులి తావు మారినా శాతాల్లోకి అందదు.

నాలుగు, చెంచులకి వినిపించడం కాదు, వాళ్ళ దగ్గర వినాలి. 2006 అటవీ హక్కుల చట్టం ఉన్నది అందుకే.

2019 సెప్టెంబరులో "సేవ్ నల్లమల" అని మనమందరం ప్రొఫైల్ ఫోటోలు మార్చాం. సినిమావాళ్ళు గొంతు కలిపారు. ఆ నెల 16న శాసనసభ ఏకగ్రీవంగా తీర్మానం చేసింది. సంతోషం. తర్వాత మనం వేరే హ్యాష్‌ట్యాగుకి వెళ్ళిపోయాం. తీర్మానం అంటే తాళం కాదు, టికెట్టుని "ఆన్ హోల్డ్"లో పెట్టడం. రాయి కింద యురేనియం ఎక్కడికీ పోదు. ధర పెరిగిన రోజు ఆ టికెట్టు మళ్ళీ తెరుచుకుంటుంది. అలాస్కాలో చూడండి, 2021 జనవరిలో వేలం, తర్వాత ఆ లీజుల రద్దు, 2025 జనవరిలో రెండో వేలానికి ఒక్క బిడ్డూ రాలేదు. అయిపోయింది అనుకునేలోపు అదే ఏడాది మళ్ళీ వేలాలు వెయ్యాలని చట్టం.

చివరగా మనకి, అంటే ఇది చదువుతున్న మీకూ నాకూ, ఒక పని. ప్రజాభిప్రాయ సేకరణకి ముందు ఊళ్ళో ఇచ్చేది తెలుగులో సారాంశం మాత్రమే. అసలు రిపోర్టు వందల పేజీల ఇంగ్లీషు. పెద్దగట్టులో మేకలు కాసే అవ్వ దాన్ని చదవలేదు. మనం చదవగలం. రోజూ అంతకంటే చెత్త స్పెసిఫికేషన్లు చదివి, ఫలానా పేజీలో ఉన్నది ఫలానా పేజీలో ఉన్నదానికి పొంతన లేదు అని పట్టుకోవడమే కదా మన ఉద్యోగం! ఇప్పుడు ఇవన్నీ పర్యావరణ శాఖ "పరివేష్" సైటులో దొరుకుతాయి. మీ జిల్లాలో వచ్చే ఏదో ఒక ప్రాజెక్టు రిపోర్టు ఒక్కటి దించుకుని, వన్యప్రాణుల అధ్యాయం చదవండి. ఎన్ని రోజులు తిరిగారు, ఏ నెలలో తిరిగారు, పక్క ప్రాజెక్టు గురించి ఒక్క మాటైనా ఉందా, ఈ మూడే చూడండి. తప్పులుంటే తెలుగులో ఒక పేజీ రాసి ఆ ఊరి సర్పంచికి పంపండి.

నేను మొదలుపెట్టాను. మొదటి రిపోర్టులో 40వ పేజీ దగ్గర ఉన్నాను. నిద్రొస్తోంది గానీ, ఆ నెలాఖరు రాత్రి గుర్తొచ్చి మళ్ళీ కళ్ళు నులుముకుంటున్నాను.